మట్టి రుచి వైన్‌లోకి నిజంగా దిగుతుందా? మన ఎర్ర చెల్కలో ద్రాక్ష పెడితే ఏమవుతుంది?

ధర్మసాగర్_చెల్క

అందరికీ నమస్తే. ఇక్కడ వ్యవసాయం చదివినవాళ్లు, తోటలు చేసినవాళ్లు, బయటి దేశాల్లో ఉన్నవాళ్లు కూడా ఉన్నారు కదా, అందుకే అడుగుతున్నా. మొన్న దోస్తులతో నాశిక్ పోయినప్పుడు అక్కడొక వైనరీ చూశాం. రుచి చూపించే పిల్లగాడు గ్లాసు గిరగిరా తిప్పి, వాసన చూడమని, "ఇది అగ్నిపర్వతాల నల్లరాయి మీద పెరిగిన తోట, అందుకే వైన్‌లో ఖనిజాల రుచి తగులుతుంది" అన్నాడు. మావాళ్లందరూ అర్థమైనట్టే తలలూపారు. నాకైతే పులుపు తగిలింది, జామకాయ వాసన వచ్చింది, అంతే. రాయి లేదు, గీయి లేదు.

ఇంటికొచ్చాక నెట్‌లో చూస్తే ఇదంతా చాలా పెద్ద కథ. ఫ్రాన్స్‌లో చాబ్లీ అనే ఊళ్లో నేల నిండా పాతకాలపు ఆల్చిప్పలట, అందుకే ఆ వైన్ సముద్రం వాసన వేస్తుందట. జర్మనీలో పలకరాయి రుచట. ఇందులో నిజమెంత, అమ్ముకోవడానికి చెప్పే మాటలెన్ని? వేరు నుంచి మట్టి రుచి పండులోకి ఎక్కడం అసలు జరిగే పనేనా?

ఇక రెండో ప్రశ్నలో నా స్వార్థం ఉంది. వరంగల్ దగ్గర ధర్మసాగర్ దాటినంక మాకు రెండెకరాల ఎర్ర చెల్క ఉంది. పైన జానెడు, మూరెడు మట్టి, కింద మొరం, దాని కింద రాయి. పత్తి వేసి వేసి విసుగొచ్చింది. బోరు ఎండాకాలంలో సగమే పోస్తుంది. మన దగ్గర రాయంతా గ్రానైటే కాబట్టి, అందులో వైన్ ద్రాక్ష పెడితే నాశిక్‌ది కాని వేరే రుచి ఏమైనా వస్తుందా? నవ్వినా పర్లేదు, తెలిసినవాళ్లు మాత్రం వివరంగా చెప్పండి.

పరకాల_పోరడు

అన్నా, మా ఊరి వైన్స్ ముందు నిలబడి "ఇది ఏ మట్టిల పండింది" అని అడుగు, నిన్ను పైసలు అడగకుండా ఆటో ఎక్కించి ఇంటికి పంపిస్తరు. సరే, జోక్ పక్కన పెడితే, నేను కూడా ఫాలో అవుతున్నా, చెప్పండి ఎవరన్నా.

మట్టి_నమూనా

నేను అగ్రికల్చర్ బీఎస్సీ చేసి, తర్వాత నేలల సబ్జెక్టులోనే పీజీ చేశాను, ఇప్పుడు నర్సంపేట వైపు రైతుల భూసార పరీక్షలు చూస్తుంటాను. వైన్ ఎక్కువ తాగింది లేదు కానీ ఈ విషయం మీద బాగా చదివాను, ఎందుకంటే నేల గురించి ఇంత ప్రేమగా, ఇంత తప్పుగా మాట్లాడుకునే పంట ఇంకోటి లేదు.

మొదటి ప్రశ్నకు సూటిగా చెప్తాను. రాయి రుచి పండులోకి ఎక్కదు. వేరు రాయిని తినదు, నీళ్లను తాగుతుంది. ఆ నీళ్లలో కరిగి ఉన్న పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం, నైట్రేటు లాంటివే లోపలికి పోతాయి. గ్రానైట్‌లోంచి వచ్చిన పొటాషియం, బసాల్ట్ (మీరు నాశిక్‌లో విన్న అగ్నిపర్వతాల నల్లరాయి) లోంచి వచ్చిన పొటాషియం, సంచిలో కొనుక్కొచ్చి వేసిన పొటాష్, తీగకు ఈ మూడింటికీ తేడా తెలియదు. పైగా రాయికి అసలు రుచెక్కడిది? గ్రానైట్ ముక్క నోట్లో పెట్టుకుని చూడండి, చల్లగా ఉంటుంది, గరుకుగా ఉంటుంది, రుచి ఉండదు. వాసన రావాలంటే ఏదో ఒకటి ఆవిరై ముక్కు దాకా రావాలి, రాయి ఆవిరి కాదు కదా. వైన్‌లో ఉండే ఖనిజ పదార్థం మొత్తం లీటరుకు కొద్ది గ్రాములే, అందులో ఎక్కువ భాగం పొటాషియం. చాబ్లీ ఆల్చిప్పలు నిజమే, దాదాపు 15 కోట్ల ఏళ్ల నాటి నేల అది, వేలిగోరంత చిప్పలు మట్టిలో కనిపిస్తాయి. కానీ అది ఇప్పుడు ఒట్టి కాల్షియం కార్బొనేట్, అంటే మన సున్నపురాయే. ఆ కాలపు సముద్రం వాసన దాంట్లో మిగిలి ఉండదు. వేల్స్‌లోని అబెరిస్ట్విత్ యూనివర్సిటీ భూగర్భ శాస్త్రవేత్త అలెక్స్ మాల్ట్‌మన్ చాలా ఏళ్లుగా ఇదే విషయం చెప్తూ వస్తున్నారు, ఆయన స్వయంగా తీగలు పెంచి వైన్ చేసుకునే మనిషి కూడా.

మరి నేలతో పని లేదా అంటే, చాలా ఉంది. ఆ పనంతా నీళ్ల దారిలో జరుగుతుంది. ఫ్రాన్స్‌లో వైన్‌కు పేరున్న బోర్డో ప్రాంతం యూనివర్సిటీలో జెరార్ సెగ్యాఁ అని ఒకాయన అక్కడి పేరున్న తోటల నేలలన్నీ పరీక్షించాడు. రసాయనాల లెక్కలో వాటికీ వాటికీ పొంతన లేదు. ఒకటి గులకరాళ్ల నేల, ఒకటి బంకమట్టి, ఒకటి సున్నపు నేల. అన్నిట్లో కలిసిన ఒకే ఒక్క గుణం, తీగకు నీళ్లు ఒక్కసారిగా ఎక్కువ కాకుండా, మొత్తానికి ఎండిపోకుండా, కొద్దికొద్దిగా అందించడం. వాన పడితే వేర్ల దగ్గర నీరు నిలవదు, వాన లేకపోతే లోతు నుంచి కాస్త చెమ్మ అందుతుంది. తర్వాత అదే బోర్డోలో కోర్నెలిస్ వాన్ లేవెన్ బృందం మూడు రకాల నేలల్లో మూడు రకాల ద్రాక్షలను అయిదేళ్లు చూసి 2004లో ఫలితాలు ప్రచురించింది. అన్నిటికన్నా ఎక్కువ ప్రభావం ఆ ఏటి వాతావరణానిది, తర్వాత నేలది, తర్వాత రకానిది. వాతావరణం, నేల రెండూ ముఖ్యంగా తీగకు అందే నీటి ద్వారానే పని చేస్తున్నాయని తేలింది.

నీళ్లు రుచిని ఎలా మారుస్తాయో చెప్తాను, అసలు విషయం అంతా ఇక్కడే ఉంది. తీగకు నీళ్లు, నత్రజని పుష్కలంగా దొరికితే కొమ్మలు ఆగకుండా సాగుతూనే ఉంటాయి. ఆకు మీద ఆకు కమ్మేసి గుత్తులకు ఎండ తగలదు, కాయ ఉబ్బుతుంది, రసం పలచనవుతుంది. కాబర్నే లాంటి ఎర్ర వైన్ ద్రాక్ష రకాల్లో పచ్చి క్యాప్సికం వాసన మిగిలిపోతుంది, దానికి కారణం పైరజీన్ అనే పదార్థం, ఎండ తగిలి బాగా పండితేనే తగ్గుతుంది. అదే కాయ రంగు తిరగడానికి కాస్త ముందు నీళ్లకు కొంచెం కటకట అయితే కొమ్మ సాగడం ఆపేస్తుంది, కాయ చిన్నగా ఉండిపోతుంది. రంగూ, వగరూ ఉండేది తొక్కలోనే. చిన్న కాయలో రసంతో పోలిస్తే తొక్క వాటా ఎక్కువ, కాబట్టి ఎర్ర వైన్ చిక్కగా వస్తుంది. కటకట మరీ ఎక్కువైతే ఆకు మాడి పండటమే ఆగిపోతుంది, అదీ పనికిరాదు.

దీన్ని బట్టే ఎక్కడ ఏ రకం అన్నది కుదిరింది. బోర్డోలో మెడాక్ అనే ప్రాంతమంతా నది తెచ్చి పోసిన గులకరాళ్లు, 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు వచ్చి అక్కడి చిత్తడి నీళ్లు కాలువలు తీసి పంపించాకే అక్కడ తోటలు బాగా పెరిగాయి. గులకరాయి నేల నీళ్లు నిలపదు, త్వరగా వేడెక్కుతుంది, అందుకే ఆలస్యంగా పండే కాబర్నే సావిన్యోఁకు అది సరిపోయింది. నది అవతల పొమెరోల్‌లో బంకమట్టి చల్లగా ఉంటుంది, త్వరగా పండే మెర్లో అక్కడ కుదిరింది. ఫ్రాన్స్‌లోనే షాంపేన్ అనే ప్రాంతంలో అయితే కిందంతా సుద్దరాయి, ఒక ఘనపు మీటరు సుద్ద 300 నుంచి 400 లీటర్ల నీళ్లు పట్టి ఉంచుకుని, ఎండాకాలంలో మెల్లగా వదులుతుంది. అక్కడ సుద్ద చేసే గొప్ప పని అదే, గ్లాసులోకి సుద్దపొడి రుచి పంపడం కాదు.

మీ చెల్క గురించి తర్వాత రాస్తాను, ముందు మిగతావాళ్లు ఏమంటారో చూద్దాం.

మోసెల్_మెట్‌పల్లి

అక్కా, సగం ఒప్పుకుంటా, సగం ఒప్పుకోను. మాది మెట్‌పల్లి, జర్మనీలో మాస్టర్స్ చేస్తున్నా, సెప్టెంబర్, అక్టోబర్ వచ్చిందంటే ఖర్చులకు మోసెల్ నది ఒడ్డు తోటల్లో ద్రాక్ష కోతకు పోతుంటా. అక్కడ నేల అంటే మనం అనుకునే నేల కాదు. గుట్ట గోడలా నిలబడి ఉంటుంది, దాని మీద అరచేతి మందం పలకరాళ్లు పరిచి ఉంటాయి, అడుగు వేస్తే గలగలమని జారుతాయి. ఒక చేత్తో కర్రను పట్టుకుని ఇంకో చేత్తో గుత్తి కోయాలి. కిందికి జారిన పలకలను మళ్లీ పైకి మోసుకుపోయి పరిచే ఆనవాయితీ కూడా ఉంది. బ్రెమ్ దగ్గర కాల్మాంట్ అనే గుట్ట అయితే యూరప్‌లోనే అన్నిటికన్నా నిటారు తోటల్లో ఒకటంటారు. ట్రాక్టరు మాట మర్చిపోవాలి, చిన్న పట్టాల బండి మీద డబ్బాలు కిందికి దింపుతారు.

సాయంత్రం పొద్దు గూకినంక కూడా ఆ రాళ్ల మీద చెయ్యి పెడితే వెచ్చగానే ఉంటుంది, మిగతా ఒళ్లంతా చలికి వణుకుతుంటుంది. అంత ఉత్తరాన, మన దగ్గర ఊహించలేని చలి దేశంలో రీస్లింగ్ అనే తెల్ల వైన్ ద్రాక్ష పండుతుందంటే ఆ పలకరాయి దాచిపెట్టిన ఎండ వల్లే అని మా సేటు అంటాడు. ఇంతవరకు మీరు చెప్పినదానితో కుదురుతుంది.

కానీ ఒకే సేటు, ఒకే రకం ద్రాక్ష, ఒకే ఏడాది, ఒకే పద్ధతి, నీలిపలక గుట్ట వైన్, ఎర్రపలక గుట్ట వైన్ పక్కపక్కన పెట్టి ఇచ్చాడు. నాలాంటి ఏమీ తెలియనోడికి కూడా తేడా తెలిసింది. ఒకటి సన్నగా, నిమ్మకాయలా కోసినట్టు ఉంది, ఇంకోటి ఘాటుగా, మసాలా తగిలినట్టు ఉంది. ఎర్రపలక ఉన్న ఊర్జిగ్ గుట్టకు మసాలా తోట అనే అర్థం వచ్చే పేరే ఉంది. పాత సీసా తీస్తే ఇంకా విచిత్రం, కిరసనాయిలు వాసన వస్తుంది, దాన్ని పలకరాయి వాసనే అంటారు ఇక్కడ చాలామంది. ఇదంతా ఒట్టి నీళ్ల లెక్కేనా అక్కా?

లొట్టి_మొగిలన్న

నేను వైన్ సంగతి చెప్పలేను, కల్లు సంగతి చెప్తా. మా నాయిన, మా తాత అందరూ గీసినోళ్లే, జనగామ దిక్కు మాది. ఒక్క ఊళ్లోనే చెరువు కట్ట మీది తాటికల్లు వేరు, గుట్ట మీది తాటికల్లు వేరు. కట్ట మీది చెట్టు లొట్టి నింపుతది కానీ పలచగా ఉంటది. గుట్ట మీది చెట్టు సగం లొట్టే ఇస్తది, కానీ తియ్యగా, చిక్కగా ఉంటది, అడిగి మరీ ఆ చెట్టు కల్లే పోయించుకునేటోళ్లు ఉన్నరు. తాటిచెట్లలోనే పోద్దాడుది ఒక తీరు, పరుపుదాడుది ఒక తీరు, అది చెట్టు రకం సంగతి. కానీ ఒకే తీరు చెట్టు నేలను బట్టి మారుతదని మా ఇంట్ల చిన్నపిల్లలకు కూడా తెలుసు. మట్టికి రుచి లేదంటే ఎట్ల నమ్మాలె చెల్లె?

మట్టి_నమూనా

మొగిలన్నా, మీరు నా వాదననే నాకంటే బాగా చెప్పారు. కట్ట మీది చెట్టుకు నీళ్లు ఎక్కువ, అందుకే ఎక్కువ, పలచన. గుట్ట చెట్టుకు తక్కువ నీళ్లు, అందుకే తక్కువ, చిక్కన. గుట్ట రాయి కల్లులోకి వచ్చిందని మీరూ అనడం లేదు కదా. ఇంకో సంగతి, కల్లు పులుపు సగం లొట్టిలోనే మొదలవుతుంది, నిన్నటి లొట్టికి అంటుకున్న ఈస్టు ఇవాళ్టి కల్లును పులియబెడుతుంది. లొట్టి కడిగే తీరు మారితే కల్లు తీరు మారుతుంది. వైనరీలో తొట్టి కూడా అంతే, అక్కడ ఉన్న ఈస్టు ఏది, ఎంత చల్లగా పులిసింది అన్నదానికి వైన్ రుచిలో పెద్ద వాటా ఉంది, టూరిస్టులకు మాత్రం తోట చూపించి మట్టి కథే చెప్తారు, స్టీలు తొట్టి ముందు నిలబెట్టి కథ చెప్తే ఎవరు వింటారు.

మెట్‌పల్లి తమ్మీ, మీ ప్రశ్న మంచిది. నువ్వు చూసిన తేడా నిజమే అయి ఉంటుంది, నేను దాన్ని కాదనడం లేదు. కానీ రెండు గుట్టల మధ్య మారింది రాయి రంగు ఒక్కటే కాదు. ఎండ పడే వైపు, ఎత్తు, నదికి దూరం, మట్టి లోతు, చెట్ల వయసు ఇవన్నీ కూడా కొంచెం కొంచెం మారతాయి. మన కంటికి కనబడేది రాయి కాబట్టి పేరంతా దానికే పోతుంది.

కిరసనాయిలు వాసన సంగతి మాత్రం తేలిపోయింది. అది టీడీఎన్ అనే పదార్థం. కాయకు ఎండ బాగా తగిలినప్పుడు తొక్కలోని కెరోటినాయిడ్లు అనే రంగు పదార్థాల నుంచి దాని మూలపదార్థాలు తయారై, సీసాలో ఏళ్ల తరబడి నిలవ ఉన్నప్పుడు మెల్లగా బయటపడుతుంది. పలకరాయి ఊసే లేని ఆస్ట్రేలియా రీస్లింగ్‌లో కూడా బాగానే వస్తుంది. అలాగే చకుముకి రాయి కొట్టినప్పుడు వచ్చే వాసన షార్డొనే అనే ద్రాక్షతో చేసిన కొన్ని తెల్ల వైన్లలో ఉంటుంది చూశారూ, దానికి కారణం బెంజీన్‌మీథేన్‌థయాల్ లాంటి గంధకపు పదార్థాలు. అందులో రాయి ఏమీ లేదు. తొలకరికి లేచే మట్టివాసన కూడా మట్టిది కాదు, అందులో ముఖ్యమైన జియోస్మిన్‌ను తయారు చేసేది నేలలోని బ్యాక్టీరియా. వైన్‌లో జియోస్మిన్ వాసన వచ్చిందంటే సాధారణంగా గుత్తులు కుళ్లి బూజు పట్టాయని అర్థం, దాన్ని లోపంగానే లెక్కిస్తారు.

నా మాటకు నేనే ఒక మినహాయింపు చెప్తాను, లేకపోతే ఇంకెవరో వచ్చి పట్టుకుంటారు. చౌడు నేలలో, ఉప్పునీటి బోరు కింద పెంచితే ఉప్పు నిజంగానే పండులోకి ఎక్కుతుంది, వైన్ నాలుకకు ఉప్పగా, సబ్బులా తగులుతుంది. ఆస్ట్రేలియాలో ఈ బాధ ఉంది కాబట్టే వైన్‌లో క్లోరైడ్లకు, ఉప్పు లెక్కన, లీటరుకు 1 గ్రాము అని పరిమితి పెట్టారు. నేల రుచి నేరుగా గ్లాసులోకి దిగడమంటే నాకు తెలిసి ఇదొక్కటే, దాన్ని ఎవరూ లేబుల్ మీద గొప్పగా రాసుకోరు.

కీసర_పందిరి

ఆలస్యంగా చూశాను. మాది కీసర దగ్గర, మా నాన్న కాలంలో ద్రాక్ష తోట ఉండేది, ఇప్పుడక్కడ ప్లాట్లు. ఆ రోజుల్లో హైదరాబాద్ చుట్టూ అనాబ్-ఎ-షాహీ రకం ద్రాక్ష పందిళ్లు ఎక్కడ చూసినా ఉండేవి, 1890 ప్రాంతంలో అబ్దుల్ బాఖర్ ఖాన్ అనే ఆయన తెచ్చి నాటించారని చెప్తారు. ఆ నేలలు కూడా మీవే, గ్రానైట్ మీది ఎర్ర నేలలు. కాబట్టి "ఎర్ర చెల్కలో ద్రాక్ష వస్తుందా" అనే డౌటు పెట్టుకోకండి, బ్రహ్మాండంగా వస్తుంది. తినే ద్రాక్ష వస్తుంది. వైన్ ద్రాక్ష విషయం వేరు.

చెల్క అన్నా, మీరు రాయి గురించి అడుగుతున్నారు కానీ మీ కష్టం రాత్రిళ్ల దగ్గర వస్తుంది. నాశిక్ సముద్ర మట్టానికి దాదాపు 600 మీటర్ల ఎత్తున ఉంది, వరంగల్ అందులో సగం కూడా లేదు. చలికాలం రాత్రి అక్కడ బాగా చల్లబడుతుంది. కాయలో మాలిక్ ఆమ్లం అని ఒక పులుపు ఉంటుంది, వేడికి అది త్వరత్వరగా కరిగిపోతుంది. ఫిబ్రవరి చివర్లోనే మన దగ్గర ఎండ ముదురుతుంది, చక్కెర ఎక్కుతుంది కానీ పులుపు మిగలదు. అట్లాంటి రసంతో చేస్తే వైన్ చప్పగా, బరువుగా ఉంటుంది, పులుపు పైనుంచి కలపాల్సి వస్తుంది. మన తెలంగాణలో తీగ నిద్రపోయే చలికాలమే లేదు కాబట్టి ఏడాదికి రెండు కత్తిరింపులు, ఏప్రిల్‌లో కొమ్మ కోసం ఒకటి, అక్టోబర్‌లో కాయ కోసం ఒకటి. అక్టోబర్ కత్తిరింపు అయిన వెంటనే తుపాను వాన పట్టిందంటే బూజు తెగులుతో ఆ ఏడు పోయినట్టే. మా నాన్న ఆకాశం చూసి మందు కొట్టే మనిషి, అక్టోబర్ నెల మొత్తం ఇంట్లో ఒకటే టెన్షన్.

ఇంకో మాట. మట్టి అక్క చెప్పిన బోర్డో తోటలు వాన మీద బతుకుతాయి, అక్కడ నీళ్లు కట్టడానికి ఆంక్షలున్నాయి, కాబట్టి నేల ఎంత నీళ్లు దాచుకుంటే అంతే. మన దగ్గర కాయ ఎదిగే నవంబర్ నుంచి కోత దాకా వాన ఉండదు, మొత్తం డ్రిప్పే. అంటే అక్కడ నేల చేసే పని ఇక్కడ మీ వాల్వు చేస్తుంది. తినే ద్రాక్ష రైతు కాయ లావు కావాలని నీళ్లు వదులుతాడు, వైన్ ద్రాక్ష రైతు రంగు తిరిగే ముందు వాల్వు బిగించాలి. ఎకరాకు నాలుగైదు టన్నులతో సరిపెట్టుకోవాలి. పక్క రైతు తినే ద్రాక్ష అంతకు రెట్టింపు పైన తీస్తుంటే చూస్తూ ఊరుకోవడం అంత సులువు కాదు, నన్నడగండి.

నేల రుచి అని అంత మాట్లాడుకుంటున్నారు కానీ, నేలలో ఉన్న వేరు అసలు ఆ ద్రాక్షది కాదు. ఫ్రాన్స్‌లో 1860ల నుంచి ఫిలాక్సెరా అనే పురుగు వేర్లన్నీ తినేసినప్పటి నుంచి అమెరికా జాతి వేరు మీద అంటు కట్టే పెంచుతున్నారు. ఇక్కడ మనవాళ్లు ఉప్పుకూ, కరువుకూ తట్టుకుంటుందని డాగ్‌రిడ్జ్ అనే వేరు వాడారు. అది మొండి వేరు, తీగను విపరీతంగా పెంచుతుంది, వైన్‌కు అంత మంచిది కాదని 110ఆర్ లాంటి వాటి వైపు పోతున్నారు. ఏ వేరు ఎంచుకుంటారో అది మీ రాయి కన్నా ఎక్కువ తేడా చేస్తుంది.

పక్క పొలంలో జామాయిల్ ఉందా? ఉంటే జాగ్రత్త. ఆస్ట్రేలియాలో జామాయిల్ తోపు పక్కన పెరిగిన ద్రాక్షలో ఆ తైలం వాసన పట్టుకుంటుందని పరీక్షలు చేసి తేల్చారు, ఆకులు, తైలం గాలికి వచ్చి కాయ మీద చేరతాయట. మన ములుగు రోడ్డు వైపు, భూపాలపల్లి వైపు ఎక్కడ చూసినా కాగితం మిల్లుకు వేసిన జామాయిలే కదా. మన దగ్గర వైన్‌కు ప్రత్యేకమైన రుచి ఏదైనా వస్తే అమృతాంజనం రుచే వస్తుందేమో.

చివరగా, కొనేవాడు ఎవడో ముందు చూసుకోండి. వైనరీతో ఒప్పందం లేకుండా వైన్ రకాలు నాటితే ఆ కాయ మార్కెట్‌లో అమ్ముడుపోదు, చిన్నగా, గింజలతో, తొక్క మందంగా ఉంటుంది. మేమే పులియబెట్టి అమ్ముతామంటే ఎక్సైజ్ లైసెన్సు కావాలి.

ధర్మసాగర్_చెల్క

అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. కీసర అన్నా, మా చెల్కకు ఉత్తరం గట్టు అవతల నిజంగానే జామాయిల్ ఉంది, చదివి నవ్వాలో ఏడ్వాలో తెలియలేదు. మట్టి అక్కా, మీరు మా చెల్క గురించి తర్వాత రాస్తానన్నారు. గ్రానైట్ నేలలో మంచి వైన్ వచ్చే చోటు ప్రపంచంలో ఎక్కడైనా ఉందా? మరి ఆస్ట్రేలియాలో కూనవారా అని ఎర్రమట్టికి పేరున్న చోటు ఉందని చదివాను, అది మనలాంటిదేనా? ఇప్పుడే రెండెకరాలు పెట్టే ధైర్యం లేదు, గట్టు పక్కన ఒక పది మొక్కలు పెట్టి చూస్తా, ఇంట్లోవాళ్లు తింటారు. దానికైనా నేల గురించి ఏమేం చూసుకోవాలి?

మట్టి_నమూనా

కూనవారా మనలాంటిది కాదు. అక్కడ పైన ఎర్రమట్టి, కింద సున్నపురాయి, ఆ ఎర్ర పట్టీ పొడవు సుమారు 15 కిలోమీటర్లు ఉంటుంది. ఎరుపు రెండుచోట్లా ఇనుము తుప్పు వల్లే, కానీ కింద రాయి వేరు, నీళ్లు పట్టే తీరు వేరు. రంగును చూసి చుట్టరికం కలపకండి.

గ్రానైట్ నేలలు చాలాచోట్ల ఉన్నాయి. ఫ్రాన్స్‌లో బోజొలేలో ఫ్లూరీ ఊరి చుట్టూ గులాబీ రంగు గ్రానైటే, అక్కడ గామే అనే రకం. రోన్ నది ఉత్తర భాగంలో కోర్నాస్ గుట్టల మీద గ్రానైట్‌లోనే సిరా, అంటే మనం షిరాజ్ అంటున్న రకం. పోర్చుగల్‌లో దావ్ ప్రాంతం కూడా అంతే. రాయి చివికి గరుసు ఇసుక అవుతుంది, నీళ్లు నిలవవు, సారం తక్కువ, తీగ అదుపులో ఉంటుంది. ఆ మేరకు మీ చెల్కకు ఏ లోటూ లేదు, ద్రాక్ష వేరుకు లోతు రేగడి కన్నా నయం, రేగడి వానకు ఉబ్బి, ఎండకు పగిలి వేర్లను తెంపుతుంది. కాకపోతే ఫ్లూరీలో మే నెలలో 44 డిగ్రీలు రాదు. కీసర అన్న చెప్పిన రాత్రి వేడి సంగతి మీ గ్రానైట్ తీర్చలేదు. షిరాజ్‌లో మిరియాల వాసన తెచ్చే రోటండోన్ అనే పదార్థం కూడా చల్లటి చోట్లే ఎక్కువగా నిలుస్తుంది, మిరియంలో ఉండేదీ అదే. మన ఎండకు అది మిగులుతుందని ఆశ పెట్టుకోకండి.

పది మొక్కలకు సరిపడా పని చెప్తాను. జామాయిల్ గట్టుకు వీలైనంత దూరంగా, దక్షిణం వైపు చోటు చూడండి. జామాయిల్ వాసన సంగతి అటుంచితే, దాని వేర్లు మీ తీగ నీళ్లు తాగేస్తాయి. అక్కడ నడుము లోతు గుంత తవ్వించి, గుంత గోడ చూడండి. మొరం ఎంత లోతున మొదలైంది, అది పారతో కొడితే విడిపోతోందా, సమ్మెట అడుగుతోందా, తెల్లటి సున్నపు గులకలు ఉన్నాయా? విడిపోయే మొరం అయితే వేరు దిగుతుంది. గుంత నిండా నీళ్లు పోసి తెల్లారి చూడండి, ఇంకా నీళ్లు నిలిచి ఉంటే ఆ చోటు వద్దు.

పై మట్టి ఒక నమూనా, మూరెడు కింది మట్టి ఒక నమూనా వేర్వేరుగా తీసి పరీక్షకు ఇవ్వండి, రెండూ కలిపేసి ఒకే సంచిలో తేకండి, రోజూ ఇదే గొడవ నాకు. పీహెచ్ (పులుపు ఎంతో చెప్పేది), ఈసీ (ఉప్పు ఎంతో చెప్పేది), పొటాష్ మూడూ చూడమనండి. ఏళ్ల తరబడి పత్తికి వేసిన పొటాష్ నిలవ ఉంటే, ద్రాక్ష అది పీల్చుకుని రసం పీహెచ్ పెంచుతుంది, ఎర్ర వైన్‌లో రంగు వెలుస్తుంది, త్వరగా చెడుతుంది. కాబట్టి ఫలితం వచ్చేదాకా ఆ పది మొక్కల చోట ఏ ఎరువూ వేయొద్దు. బోరు నీళ్లు కూడా ఒక సీసాలో పట్టి ఇవ్వండి, మోటరు వేసిన వెంటనే కాదు, పావుగంట పోనిచ్చి పట్టండి, వానాకాలంలో కాదు, ఏప్రిల్‌లో పట్టండి, అప్పుడే నీళ్లు తగ్గి ఉప్పు అసలు సంగతి బయటపడుతుంది. కాగితాలు వచ్చాక ఇక్కడే పెట్టండి, చూసి చెప్తాను.

లొట్టి_మొగిలన్న

చెల్క తమ్మీ, ఆ పది మొక్కలు కాయ కాసినప్పుడు కబురు పెట్టు. ఈతచెట్లు ఏమన్నా ఉన్నయా మీ గట్టు మీద?